ఫీజు సరే, 'ఇవాళ వద్దు' అనేది ఎవరు?

పోయిన నెల గుడివాడలో ఒక కాలేజీ ఫంక్షన్ అయిపోయాక ఒక కుర్రాడు వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చాడు. బీఎస్సీ ఎంపీసీ, ఆఖరి సంవత్సరం. చేతిలో నోట్‌బుక్. ఒక పేజీ నిండా అంకెలు. ఫ్లయింగ్ స్కూల్ ఫీజు, హాస్టల్, మెడికల్, లైసెన్సు వచ్చాక టైప్ రేటింగ్‌కి మళ్లీ ఎంత, అన్నీ వరసగా రాసుకున్నాడు. "సార్, మొత్తం అరకోటి దాటుతోంది. లోన్ కొంత వస్తుంది. ఏ స్కూల్ అయితే బాగుంటుంది?" అన్నాడు. పక్కనుంచి వాళ్ల నాన్న అందుకున్నారు: "కైకలూరు వైపు రెండున్నర ఎకరాల చెరువుందండి. లీజుకిచ్చాం. అది తీసేస్తే మిగతాది సరిపోద్ది."

నేను ఆ కుర్రాణ్ని ఒకటే అడిగాను. "ఆ స్కూల్లో ఆఖరిసారి ప్రమాదం ఎప్పుడు జరిగింది? తర్వాత వాళ్లు ఏం మార్చారు?" నోట్‌బుక్ వైపు చూశాడు. ఆ గడి అందులో లేదు. పెద్దాయనకు నచ్చలేదు. "మంచి పనికి బయల్దేరుతుంటే అపశకునం మాటలెందుకులెండి" అన్నారు.

ఆయన బాధ అర్థమైంది. కానీ నా అభిప్రాయం మాత్రం వేరు. విమానాలతో ముడిపడిన ఏ ఉద్యోగానికి పోవాలనుకున్నా, పైలట్ కానివ్వండి, మెకానిక్ కానివ్వండి, కార్గోలో లెక్క రాసే పని కానివ్వండి, మీరు మొదట చదవాల్సినవి ప్రమాదాల నివేదికలే. ముఖ్యంగా చిన్న విమానాలవి, హెలికాప్టర్లవి, సరుకు విమానాలవి. ఎందుకంటే మీలో చాలామంది కెరీర్ మొదలయ్యేది అక్కడే. రెండొందల సీట్ల ఎయిర్‌బస్‌లో మొదటి రోజే ఎవరూ కూర్చోబెట్టరు. రెండు సీట్ల సెస్నాలో, ఎక్కడో ఊరవతల రన్‌వే మీద మొదలవుతుంది.

పెద్దాయన కైకలూరు పేరు ఎత్తారు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి భీమవరం నుంచి బెల్ 206 హెలికాప్టర్‌లో బయల్దేరారు. అది కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలింది. స్పీకర్, ఆయన భద్రతా సిబ్బందిలో ఒకరు, పైలట్, ముగ్గురూ చనిపోయారు. అప్పుడది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు, మీ అమ్మానాన్నలను అడిగితే చెబుతారు. దేశంలో పెద్ద పదవుల్లో ఒకదానిలో ఉన్న మనిషి, మన పొలాల మధ్య, మన చెరువులో పోయారు. దట్టమైన అడవి కాదు, మంచుకొండ కాదు. చుట్టూ ఊళ్లే. అయినా గాల్లో ఉన్న మనిషికి అది మారుమూలే. కిందంతా ఒకేలా మెరిసే నీళ్లు, కొబ్బరి చెట్లు, కరెంటు తీగలు. దిగడానికి రన్‌వే లేదు, దారి చూపే పరికరం లేదు, ఆ ఊరి మీద గాలి ఎలా ఉందో చెప్పే మనిషి లేడు.

మారుమూల అంటే నా లెక్కలో ఇదే. సాయం అందనంత దూరం. పంటు ఎక్కి ఎదురుమొండి వెళ్లొచ్చిన దివిసీమవాళ్లకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కళ్లెదురుగా ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే మాత్రం అది చాలా దూరం.

పెద్ద ఎయిర్‌లైన్ విమానం వెనకాల ఎంతమంది ఉంటారో ఒక్కసారి లెక్కేయండి. డిస్పాచర్ దారి వేస్తాడు. ఒకరు వాతావరణం చూస్తారు, ఒకరు బరువు లెక్క కడతారు. ఇంజినీర్ సంతకం పెడితేగానీ తలుపు మూయరు. కిందనుంచి కంట్రోలర్ రాడార్‌లో చూస్తూ ఉంటారు. ఒకరు పొరబడితే ఇంకొకరు పట్టుకుంటారు. చిన్న విమానంలో ఈ పనులన్నీ ఒకరిద్దరి నెత్తిన పడతాయి. పైగా ఎగిరేది తక్కువ ఎత్తులో, మబ్బుల కిందుగా, కొండల పక్కనుంచి. 2022 మే 29న నేపాల్‌లో పోఖరా నుంచి జోమ్‌సోమ్ వెళుతున్న ట్విన్ ఆటర్ విమానం కొండకు తగిలి 22 మంది పోయారు. వాళ్లలో నలుగురు మన దేశంవాళ్లు. ఇరవై నిమిషాల ప్రయాణం అది. దూరానికీ ప్రమాదానికీ సంబంధం లేదని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

మనవాళ్లకు బాగా గుర్తున్న ప్రమాదాల్లో సౌందర్యగారిదీ ఒకటి. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ వెళ్లాలని బెంగళూరు జక్కూరు నుంచి సెస్నా 180 ఎక్కారు. లేచిన కాసేపటికే అది కూలింది. నలుగురు పోయారు. మనం ఇరవై ఏళ్లుగా ఆ సినిమా పాటలు చూస్తూ 'పాపం' అనుకుంటున్నాం. ఆ విమానానికి ఏమైందని మాత్రం మనలో ఎంతమంది అడిగాం? వార్త అయిపోతుంది, సానుభూతి మిగులుతుంది, కారణం దగ్గరికి ఎవరూ వెళ్లరు. ఉద్యోగం చేయబోయే మీకు కావాల్సింది మాత్రం ఆ మూడోదే.

కారణం దగ్గరికి వెళ్లడం ఎలాగో చెప్పడానికి నేను ఎప్పుడూ వాడే ఉదాహరణ 2009 సెప్టెంబరు 2. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బెల్ 430 హెలికాప్టర్‌లో బయల్దేరారు. నల్లమల మీద సంబంధాలు తెగిపోయాయి. సుఖోయ్ విమానాలతో సహా ఎన్నో వెతికాయి. శకలాలు దొరికింది మర్నాడు ఉదయం, పావురాలగుట్ట మీద. అయిదుగురూ చనిపోయారు. దీని మీద ఎన్ని కథలు పుట్టాయో మీకు తెలుసు, టీ కొట్టు దగ్గర ఇప్పటికీ వినబడతాయి. కథలు పక్కన పెట్టి విచారణ కమిటీ చెప్పింది చూడండి.

ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని ఆ కమిటీ చెప్పిన అసలు కారణం ఏంటంటే, హెలికాప్టర్ బలమైన మబ్బుల్లోకి వెళ్లింది, అక్కడ గాలి ఒక్కసారిగా కిందకి తోసింది, అదుపు తప్పింది. సరే. దానికి ముందు జరిగిందే మనకు పాఠం. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌లో ఏదో తేడా కనిపించింది. ఏం చేయాలో చూద్దామని పైలట్లు ఎమర్జెన్సీ చెక్‌లిస్ట్ తీశారు. కావాల్సిన చోటు దొరకలేదు. ఆరు నిమిషాలకు పైగా అదే వెతికారు. ఆ ఆరు నిమిషాలూ హెలికాప్టర్ ముందుకు పోతూనే ఉంది, ఎదురుగా మబ్బు పెరుగుతూనే ఉంది. కూల్చింది ఆయిల్ కాదు. ఆయిల్ గురించిన వెతుకులాట వాళ్ల చూపును బయటనుంచి లోపలికి లాగేసింది.

వాళ్లిద్దరూ అనుభవం లేనివాళ్లు కాదు. ఒకరు వైమానిక దళంలో గ్రూప్ కెప్టెన్‌గా పనిచేసినవారు. అందుకే 'పైలట్ తప్పు' అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పుస్తకంలో ఆ పేజీ ఎందుకు దొరకలేదు? దాన్ని ఎవరు సర్దారు? ఆఖరిసారి దాన్ని తెరిచి ప్రాక్టీస్ చేసింది ఎప్పుడు? ఆ దారిలో మబ్బులు ఎలా ఉన్నాయో బయల్దేరేముందు ఎవరు చెప్పారు, చెప్పింది ఎంత పాతది? 'ఇవాళ వద్దు సార్, రెండు గంటలు ఆగుదాం' అని అనగలిగే కుర్చీ ఆ ఉదయం బేగంపేటలో ఉందా? నివేదికను ఇలాంటి ప్రశ్నలతో చదవాలి. ఒక మనిషి పేరు దగ్గర ఆగిపోతే మీరు చదివింది పేపర్ కటింగ్ మాత్రమే.

ఇది మన దగ్గరే జరిగే వింతేం కాదు. 1972 డిసెంబరు 29న అమెరికాలో ఒక పెద్ద జెట్, ఈస్టర్న్ 401, ఫ్లోరిడా చిత్తడి నేలల్లో దిగబడిపోయింది. కాక్‌పిట్‌లో అందరూ వెలగని ఒక చిన్న బల్బు గురించి తలలు పట్టుకుని ఉండగా విమానం మెల్లమెల్లగా కిందకి జారుతున్న సంగతి ఎవరూ చూడలేదు. వందమంది దాకా పోయారు. అలాంటివి కొన్ని చూశాకే 1979లో నాసా ఒక వర్క్‌షాప్ పెట్టింది. అక్కడ మొదలైన ఆలోచనే ఇవాళ ప్రతి ఎయిర్‌లైన్‌లోనూ నేర్పే 'క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్'. పేరు భారీగా ఉంది, లోపలున్న విషయం మాత్రం తేలిక. ఒకరు సమస్య చూస్తే ఇంకొకరు విమానం చూడాలి. చిన్నవాడు మాట్లాడాలి. పెద్దవాడు వినాలి.

చిన్నవాడు మాట్లాడాలి అన్నచోటే మనకు చిక్కు. ఇంట్లో, క్లాసులో, ఇంటర్వ్యూకి ముందు కోచింగ్‌లో మనం నేర్పేదేంటి? సర్దుకుపో. ఎదురు చెప్పకు. 'అడ్జస్ట్ అవుతాను సార్' అంటే మార్కులు. అవనిగడ్డలో డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు తెల్లారుజామున లేచి చదివే పిల్లల్ని చూశాను, వాళ్ల కష్టానికి దండం పెట్టాలి. కానీ వాళ్లు కాపీ కొట్టి రాసుకునే హెచ్‌ఆర్ జవాబుల్లో ఒక్కదానిలో కూడా 'నేను ఫలానా పని ఆపాను' అన్న వాక్యం కనబడలేదు. విమానాల పనిలో జీతం ఇచ్చేది సగం ఆ వాక్యానికే.

ఎన్నికల రోజుల్లో మీ కాలేజీ గ్రౌండ్‌లో సున్నంతో 'హెచ్' అక్షరం గీయడం చూసే ఉంటారు. పక్కన ఫైరింజన్, చుట్టూ తాళ్లు, ఆ తాళ్లు దాటి ఫోన్లు పైకెత్తిన జనం. నాయకుడికి తరవాతి సభ టైం అయిపోతూ ఉంటుంది. పడమట మబ్బు కమ్ముతూ ఉంటుంది. ఆ క్షణంలో పైలట్ మీద ఉండే ఒత్తిడి ఏ మీటర్లోనూ కనబడదు. 2001 సెప్టెంబరు 30న మాధవరావ్ సింధియా ఉత్తరప్రదేశ్‌లో సభకు వెళుతూ చిన్న విమాన ప్రమాదంలో పోయారు. 2011లో అరుణాచల్ ముఖ్యమంత్రి దోర్జీ ఖండూ హెలికాప్టర్ తవాంగ్ నుంచి లేచాక కనిపించకుండా పోతే, దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆలస్యంగా వచ్చిన నాయకుణ్ని తిట్టుకునేవాళ్లం మనమే. ఈసారి హెలికాప్టర్ రాలేదని మైకులో చెబితే, వాన చూసి ఆగారేమో అని ఒక్కరైనా అనండి.

ఇప్పుడు సరుకు సంగతికొద్దాం. దీని గురించి కెరీర్ పేజీల్లో పెద్దగా రాయరు, నిజానికి ఉద్యోగాలు పెరిగే వైపు అది. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ తిరగబడింది గుర్తుందా? ఇరవై మందికి పైగా పోయారు. అనుమతి లేని పడవ, మోయగలిగినదానికన్నా ఎక్కువమంది. పడవలో బరువు ఎంతన్నదే కాదు, ఏ పక్కన ఉందన్నది కూడా ముఖ్యమని ఏరు దాటే ప్రతివాళ్లకూ తెలుసు. విమానమూ అంతే. బరువు వెనక్కి జరిగితే ముక్కు పైకి లేస్తుంది, గాలి మీద పట్టు పోతుంది. 2013 ఏప్రిల్ 29న అఫ్గానిస్థాన్‌లోని బగ్రామ్ నుంచి లేచిన ఒక 747 సరుకు విమానంలో అయిదు సైనిక వాహనాలున్నాయి. కట్టిన పట్టీలు సరిపోక ఒక వాహనం వెనక్కి దొర్లింది. విమానం తోక వ్యవస్థల్ని దెబ్బతీసింది. ఏడుగురు సిబ్బంది, ఎవరూ మిగల్లేదు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు, నేను ఇంకోసారి చూడలేను. విచారణ చేసిన అమెరికా సంస్థ ఎన్‌టీఎస్‌బీ చెప్పిన వాటిలో ఒకటి: ఇలాంటి ప్రత్యేక సరుకును ఎక్కించి, కట్టి, కాగితం రాసే మనుషులకు విడిగా సర్టిఫికెట్ ఉండాలి. అంటే, అంతవరకూ అది 'చిన్న పని'. పట్టీ కట్టే పని.

బరువుకి ఎండ కూడా తోడవుతుంది. ఎంపీసీ వాళ్లకు ఇది అర్థమవుతుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచబడ్డ గాలిలో రెక్కకు బలం తగ్గుతుంది, ఇంజనుకీ తగ్గుతుంది. జనవరి తెల్లవారుజామున సునాయాసంగా లేచిన విమానమే మే మధ్యాహ్నం గన్నవరంలో ఎక్కువ రన్‌వే అడుగుతుంది. పెద్ద జెట్‌కి ఈ లెక్క ఎవరో చేసిపెడతారు. చిన్న విమానంలో మీరే చేయాలి, లేదా 'నిన్న లేచింది కదా, ఇవాళా లేస్తుంది' అనుకోవాలి. రెండోది అనుకున్నవాళ్ల నివేదికలు చాలా ఉన్నాయి.

ఇంకోటి, పెట్టెలో ఏముంది అన్నది. 2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుంచి లేచిన యూపీఎస్ సరుకు విమానంలో లిథియం బ్యాటరీలున్న లోడు అంటుకుని పైలట్లిద్దరూ చనిపోయారు. మీరు ఫోన్లో వాడేదీ, డ్రోన్‌లో వాడేదీ అలాంటి బ్యాటరీయే. రొయ్యలు, చేపలు చల్లగా ఉండాలని వాడే డ్రై ఐస్ కూడా విమానంలో ప్రమాదకర సరుకు కిందే లెక్క, మూసిన చోట అది వదిలే వాయువు ఊపిరాడనివ్వదు. ఆక్వా మన డెల్టా ప్రాణం కదా. ఆ పెట్టె మీద సరైన లేబుల్ అతికించి, సరైన బరువు రాసి, అనుమానం వస్తే పక్కన పెట్టేవాడు ఒకడుండాలి. డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థల్లో ప్రమాదకర సరుకుల మీద చిన్న కోర్సులు ఉన్నాయి. అరకోటి అక్కర్లేదు. చెరువు అమ్మక్కర్లేదు.

పడిపోయాక వెతకడం ఇంకో ప్రపంచం. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరిన వైమానిక దళం ఏఎన్-32 రవాణా విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. పని మీద వెళ్లినవాళ్లు. వారాల తరబడి ఓడలు, విమానాలు వెతికాయి. ఏమీ దొరకలేదు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నైకి చెందిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ తన మానవరహిత వాహనంతో సముద్రం అడుగున తీసిన చిత్రాల్లో శకలాలు కనబడ్డాయి. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరం, 3400 మీటర్ల లోతు. విశాఖలో ఆ ఇళ్లవాళ్లు అన్నేళ్లు ఏమని అనుకుని గడిపారో ఊహించడానికే కష్టం. ఫోటోకు దండ వేయాలో వద్దో కూడా తెలియని స్థితి.

దీనికో పరికరం ఉంది. విమానం గట్టిగా తగిలితే తనంతట తాను ఉపగ్రహానికి సంకేతం పంపే ఈఎల్‌టీ. 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. పాత 121.5 మెగాహెర్ట్జ్ సంకేతాల్ని ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తో ఆగిపోయింది. మన దేశానికి వచ్చే సంకేతాల్ని బెంగళూరులోని ఇస్రో కేంద్రం అందుకుంటుంది. ఇదే దారిలో, సముద్రంలోకి వెళ్లే మత్స్యకారుల కోసం ఇస్రో చేసిన ఆపద సంకేత పరికరాలూ ఉన్నాయి. కానీ నీళ్లలో మునిగితే ఆ రేడియో సంకేతం పైకి రాదు. బ్యాటరీ గడువు దాటినా, యాంటెన్నా విరిగినా అంతే. ఆ గడువు చూసేదెవరు? ఏవియానిక్స్ టెక్నీషియన్. ఒక టిక్కు, ఒక తేదీ, ఒక సంతకం.

మచిలీపట్నంవాళ్లకు ఇంకో మాట. మీ ఊళ్లో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. రోజూ ఆ దారిన పోతూ ఉంటారు, అదేదో తుపానులకోసం అనుకుంటారు. మబ్బులో వాన ఎంతుందో, గాలి ఎటు ఎంత వేగంతో తిరుగుతోందో చెప్పే యంత్రం అది. తుపానుకైనా, విమానానికైనా కావాల్సింది ఆ సమాచారమే. అయితే సమాచారం ఉండటం వేరు, అందాల్సినవాడికి అందడం వేరు. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి దివిసీమలో పెద్దవాళ్లను కదిలించండి, చాలా ఊళ్లకు హెచ్చరిక సరిగా అందలేదనే చెబుతారు. అమెరికాలోని అలాస్కాలో రోడ్డే లేని ఊళ్లెన్నో. చిన్న విమానమే వాళ్ల ఆర్టీసీ బస్సు. అక్కడి ప్రభుత్వ సంస్థ కొండ కనుమల దగ్గర, పల్లె రన్‌వేల దగ్గర 200 పైచిలుకు చోట్ల కెమెరాలు పెట్టింది. పైలట్ బయల్దేరేముందు ఫోన్లోనే ఆ కనుమలో మబ్బుందో లేదో కళ్లతో చూసుకుంటాడు. రాకెట్ సైన్స్ కాదు, స్తంభం మీద కెమెరా. మన ఏజెన్సీ ప్రాంతాల మీద, కొల్లేరు మీద, నల్లమల మీద ఇలాంటిది ఎందుకు ఉండకూడదు? బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టును షాపులో కొనుక్కొచ్చే బదులు ఇది ప్రయత్నించమని గుడివాడ, బందరు కాలేజీల పిల్లల్ని అడుగుతున్నాను.

ఉద్యోగాల వివరాలు క్లుప్తంగా చెబుతాను, నోటిఫికేషన్లు మీరే చూసుకోగలరు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో జూనియర్ ఎగ్జిక్యూటివ్, ఏటీసీ పోస్టులకు ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చాలు. ఇంజినీరింగ్ వాళ్లయితే ఏదో ఒక సెమిస్టర్‌లో ఆ రెండూ చదివుండాలి. వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. ఇంగ్లిష్ మాట్లాడటానికి భయపడేవాళ్లు ఇప్పట్నుంచే మొదలుపెట్టండి, అక్కడ గొంతే పనిముట్టు. వాతావరణ శాఖ సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టుల్ని స్టాఫ్ సెలక్షన్ కమిషన్ భర్తీ చేస్తుంది, 2022లో 990 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అలాంటిది ఏటా రాదు, వచ్చినప్పుడు మీరు సిద్ధంగా ఉండాలి.

మెయింటెనెన్స్ ఇంజినీరింగ్‌లో మోసపోయేవాళ్లు ఎక్కువ, అందుకే నొక్కి చెబుతున్నాను. ఏరోనాటికల్ బీటెక్ చదివితే విమానం మీద సంతకం పెట్టే హక్కు రాదు. అది డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ లైసెన్సుతోనే వస్తుంది. దానికి ఇంటర్ ఎంపీసీ తర్వాత డీజీసీఏ ఆమోదం ఉన్న సంస్థలో చదవాలి, మాడ్యూల్ పరీక్షలు పాసవ్వాలి, నిజం విమానం మీద పనిచేసిన అనుభవం ఉండాలి. కోర్సు సర్టిఫికెట్ చేతికిచ్చి 'అయిపోయింది' అనే బ్రోషర్లు తిరుగుతున్నాయి. ఆ సంస్థ పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో అడ్మిషన్‌కు ముందే చూసుకోండి.

ఇక ఎగరాలనే పట్టుదల ఉన్నవాళ్లకు. నేను వద్దనను. కానీ చెరువు అమ్మకముందు మెడికల్ చేయించుకోండి. క్లాస్ 2, తర్వాత క్లాస్ 1. ఫీజు కట్టాక కంటి పరీక్షలో పోయినవాళ్ల కథలు విన్నాను. రెండోది, 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇస్తోంది. మొదటి జాబితాలో 35 సంస్థలుంటే ఒక్కటి కూడా 'ఏ' గ్రేడ్‌కి చేరలేదు. ఇది తెలిసీ ఏ తండ్రయినా హాస్టల్ గది ఫోటోలు చూసి సంతకం పెడతాడా?

2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో శిక్షణ విమానం పొలాల్లో కూలింది. ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ చనిపోయింది. మీ వయసు అమ్మాయే. నాగలి దున్నేవాళ్లు, కూలికి వచ్చినవాళ్లు ముందుగా పరిగెత్తుకెళ్లారు. ఈ వాక్యం రాయడం నాకు ఇష్టం లేదు, కానీ బ్రోషర్‌లో ఇది ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అందుకే స్కూల్‌కి వెళ్లినప్పుడు ఇవి అడగండి. మీ దగ్గర ఉన్న విమానాల్లో ఇవాళ ఎగరగలిగేవి ఎన్ని? ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది విద్యార్థులు? గాలి బాగోలేదని విద్యార్థి తనంతట తాను ఫ్లైట్ మానుకుంటే ఆ గంట డబ్బు పోతుందా? ఆఖరి ప్రమాదం తర్వాత ఏం మార్చారు? ఫీజు వాయిదాల్లో, ఎగిరిన గంటల్ని బట్టి కట్టొచ్చా? మూడో ప్రశ్నకు వాళ్ల మొహం చూడండి. 'అలాంటి పరిస్థితి రాదండీ' అన్నారంటే అక్కడ ఆపేవాళ్లు లేరనే నేను అనుకుంటాను.

'సార్, కొత్తగా చేరినవాడు ఆగు అంటే ఉద్యోగం ఉంటుందా?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కొన్నిచోట్ల ఉండదు. చిన్న ఆపరేటర్ల దగ్గర ఒక రోజు విమానం ఆగితే నష్టం, ఆ నష్టం కుర్ర ఇంజినీర్ మీద అరుపుగా పడుతుంది. డీజీసీఏకు స్వచ్ఛందంగా రిపోర్ట్ చేసే ఏర్పాటు ఉంది, అది మీ చేరిన రోజు ఎవరూ చెప్పకపోవచ్చు, మీరే తెలుసుకోండి. అయినా అన్నిసార్లూ రక్షణ దొరుకుతుందని అబద్ధం చెప్పను. చూసీ చూడనట్టు సంతకం పెట్టిన కాగితం మాత్రం పోదు. విచారణ మొదలైతే మొదట స్వాధీనం చేసుకునేవాటిలో ఆ రిజిస్టర్ ఉంటుంది.

ప్రమాదాల్ని విచారించే సంస్థ ఏఏఐబీ 2012లో మన దేశంలో విడిగా ఏర్పడింది. దాని నివేదికలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం వాటి ఉద్దేశం శిక్ష వేయడం కాదు, మళ్లీ జరగకుండా చూడటం. ఇంగ్లిష్ కొంచెం గట్టిగా ఉంటుంది, డిక్షనరీ పెట్టుకుని చదవండి. ఒక నివేదిక పూర్తిగా చదివి ఇంటర్వ్యూకి వెళ్లినవాడికీ, వంద కరెంట్ అఫైర్స్ బిట్లు బట్టీపట్టి వెళ్లినవాడికీ తేడా అవతల కూర్చున్నవాళ్లకు అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

గుడివాడ కుర్రాడు పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. మూడు స్కూళ్లకు ఆ ప్రశ్నలు మెయిల్ పెట్టాడట. ఒకరు ఫీజు చార్టు పంపారు, ఇంకొకరు 'నేరుగా రండి, మాట్లాడదాం' అన్నారు. మూడోవాళ్లు మాత్రం రెండు పేజీల జవాబు రాశారు, ఒక సంఘటన, దాని తర్వాత మార్చినవి, తేదీలతో సహా. ఆ రెండు పేజీలూ వాళ్ల నాన్నకు తెలుగులో చదివి వినిపించాడట. పెద్దాయన చెరువు లీజును ఇంకో ఏడాది పొడిగించారు. కుర్రాడు వచ్చే వారం క్లాస్ 2 మెడికల్‌కి విజయవాడ వెళుతున్నాడు.